పిల్లలతో విదేశానికి వెళ్తున్నారా? ఏ టీకాలు కావాలో ఇలా తేల్చుకోండి

వీసా వచ్చి, టికెట్లు కొని, పచ్చళ్లు ప్యాక్ చేసేటప్పుడు చాలామందికి టీకాల సంగతి గుర్తొస్తుంది. కొన్నిటికి రెండు డోసులు, మధ్యలో నాలుగు వారాల గ్యాప్ ఉంటాయి. అందుకే ప్రయాణానికి ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే పిల్లల డాక్టర్ని కలవండి.

1. ముందు టీకాల కార్డు తీయండి

ప్రయాణ టీకాల కంటే మామూలు టీకాల్లోనే లోటు ఎక్కువగా బయటపడుతుంది. ప్రభుత్వ కేంద్రాల్లో 9 నెలలకు, మళ్లీ 16–24 నెలల మధ్య వేసేది ఎంఆర్. అది తట్టు, రుబెల్లాకే. గవదబిళ్లలకు, ఆటలమ్మకు, హెపటైటిస్-ఏకు టీకాలు ప్రైవేటులో వేయించుకోవాల్సినవే.

2. ఎందుకు వెళ్తున్నారో చూడండి

నెల రోజులు అమ్మమ్మతో పాటు చుట్టపుచూపుగా వెళ్లే పాపకూ, అక్కడే బడిలో చేరే బాబుకూ లెక్క వేరు. అమెరికా బడుల్లో సాధారణంగా ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా మూడింటికీ కలిపి వేసే టీకా) రెండు డోసులు అడుగుతారు. మొదటి పుట్టినరోజుకు ముందు వేసినది లెక్కలోకి రాదు. అంటే మన 9 నెలల డోసు అక్కడ పనికిరాదు. ఆటలమ్మ, హెపటైటిస్-బి టీకాలూ చూస్తారు. నియమాలు రాష్ట్రానికో రకం, కాబట్టి ఆ బడి వాళ్ల జాబితా తెప్పించుకోండి. బీసీజీ (పుట్టగానే వేసే టీబీ టీకా) వేసిన పిల్లలకు చర్మంపై చేసే టీబీ పరీక్ష ఒక్కోసారి పాజిటివ్ చూపిస్తుంది. టెన్షన్ పడకుండా, రక్త పరీక్ష చేయవచ్చా అని అడగండి.

3. తప్పనిసరివి ఉన్నాయా?

ఆఫ్రికా, దక్షిణ అమెరికాల్లోని కొన్ని దేశాలకు ఎల్లో ఫీవర్ (దోమల ద్వారా వచ్చే జ్వరం) టీకా కావాలి. మధ్యలో విమానం మారే దేశాన్నీ చూసుకోండి. 9 నెలలు నిండిన పిల్లలకు వేస్తారు. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ దీనికి గుర్తింపు ఉన్న కేంద్రం. పిల్లల ఒరిజినల్ పాస్‌పోర్ట్ తీసుకెళ్లండి. గుడ్డు పడకపోతే ముందే చెప్పండి. సర్టిఫికెట్ పది రోజుల తర్వాతే చెల్లుతుంది, ఆపై జీవితాంతం. లేకపోతే తిరిగొచ్చాక మన ఎయిర్‌పోర్టులోనే క్వారంటైన్‌లో పెట్టవచ్చు.

హజ్, ఉమ్రాకు ఏడాది దాటిన పిల్లలకూ మెనింజైటిస్ ఏసీడబ్ల్యూవై టీకా, చేరడానికి కనీసం పది రోజుల ముందు.

4. మిగతావి

టైఫాయిడ్ కాంజుగేట్ టీకాకు ఎక్కడికో వెతకనక్కర్లేదు, మన జీనోమ్ వ్యాలీలోనే తయారవుతోంది. ఆరు నెలల నుంచే వేయవచ్చు. ఫ్లూ టీకా తొమ్మిదేళ్లలోపు పిల్లలకు మొదటిసారైతే రెండు డోసులు. రేబిస్, జపనీస్ ఎన్‌సెఫలైటిస్ (మెదడువాపు) టీకాలు అందరికీ అక్కర్లేదు; ఎక్కడుంటారు, ఎన్నాళ్లుంటారు అన్నదాన్ని బట్టి డాక్టర్ చెబుతారు. ఎంఎంఆర్, ఆటలమ్మ లాంటి లైవ్ టీకాల (బలహీనపరచిన వైరస్‌తో చేసేవి) ఇంజెక్షన్లు రెండు కావాలంటే ఒకే రోజు వేయాలి, లేదా నాలుగు వారాలు ఆగాలి.

5. కాగితం

డాక్టర్ లెటర్‌హెడ్‌పై టీకాలన్నీ ఇంగ్లీషులో రాయించి సంతకం, స్టాంపు వేయించండి. తేదీల్లో నెలను అక్షరాల్లో ఉంచమనండి. 05-04 అని ఉంటే మనకు ఏప్రిల్ 5, అమెరికా స్కూల్ నర్సుకు మే 4.