ఎంజీబీ వేడెక్కుతోందా? కొత్త రేడియేటర్ కొనేముందు ఇవి చూడండి

ఎండలు ముదిరాయంటే ఎంజీబీ అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఉన్నవాళ్లు ముందుగా అడిగేది, పెద్ద అల్యూమినియం రేడియేటర్ వేయించాలా అని. ఇప్పుడే వద్దు. 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండ్‌లోని అబింగ్డన్‌లో తయారైన ఈ కార్లు ఎక్కువ భాగం అమెరికాకే వెళ్లాయి, అక్కడ కాలిఫోర్నియా ఎండల్లోనూ టెక్సస్ ఎండల్లోనూ కంపెనీ బిగించిన రేడియేటర్‌తోనే తిరిగాయి. ఈ 1798 సీసీ ఇంజిన్‌కి కూలింగ్ మొదట్నుంచీ తక్కువేం కాదు, ఏభై ఏళ్లలో ఎక్కడో పూడుకుపోయింది, అంతే. ముందు ఉన్నదాన్ని ఉండాల్సినట్టు పని చేయించండి, కొత్తవి తర్వాత చూద్దాం.

మొదట గమనించాల్సింది కారు ఎప్పుడు వేడెక్కుతోందని. సిగ్నల్ దగ్గర, ట్రాఫిక్‌లో టెంపరేచర్ ముల్లు పైకి పోయి, కదలగానే దిగితే సమస్య గాలిది: ఫ్యాన్, బెల్ట్, రేడియేటర్ ముందు పేరుకున్న దుమ్ము. అదే హైవే మీద వేగంగా పోతుంటే ఎక్కితే నీళ్లు సరిగ్గా తిరగట్లేదు, లేదా టైమింగ్ (స్పార్క్ పడే సమయం), మిక్స్చర్ (పెట్రోల్, గాలి పాళ్లు) తప్పాయి. ఈ ఒక్క తేడా పట్టుకుంటే సగం ఖర్చు మిగులుతుంది.

ఇంకోటి, అసలు వేడెక్కుతోందా లేదా చూడండి. ఎలక్ట్రిక్ మీటర్ ఉన్న కార్లలో పెట్రోల్ ముల్లూ టెంపరేచర్ ముల్లూ రెండూ మామూలుకన్నా పైన చూపిస్తుంటే వోల్టేజ్ స్టెబిలైజర్ మీద అనుమానపడాలి. అది మీటర్లకి సుమారు 10 వోల్టులు ఇవ్వాలి, దాని ఎర్త్ వదులైతే ఎక్కువ పోతుంది. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఒకటి కొని థర్మోస్టాట్ (ఇంజిన్ వేడిని బట్టి నీళ్ల దారి తెరిచే వాల్వ్) హౌసింగ్ మీద చూసుకోండి, అనవసరంగా టెన్షన్ పడక్కర్లేదు. అదే థర్మామీటర్‌ని వేడి ఇంజిన్‌తో రేడియేటర్ జాలీ అంతటా తిప్పితే మిగతా చోట్లకన్నా బాగా చల్లగా ఉన్న చోటు గొట్టాలు మూసుకుపోయినట్టు తెలుస్తుంది.

ఇక అసలు పని, చాలామంది వదిలేసేది: ఇంజిన్ బ్లాక్. నీళ్లు తిరిగే చోట తుప్పు, మడ్డి పేరుకునేది వెనక వైపు, నాలుగో సిలిండర్ చుట్టూ. కింది హోస్ విప్పి నీళ్లు వదిలేస్తే అది కదలదు. బ్లాక్‌కి కుడివైపు వెనక ఒక డ్రెయిన్ ట్యాప్ ఉంటుంది, ఇంజిన్ పూర్తిగా చల్లారాక దాన్ని తిప్పడం కాదు, మొత్తం విప్పేయండి. చాలా కార్లలో ట్యాప్ తీసినా చుక్క రాదు, లోపల మడ్డి అంత గట్టిగా ఉంటుంది. గట్టి తీగతో పొడవండి, థర్మోస్టాట్ తీసేసి పైనుంచి పైపుతో నీళ్లు పెట్టండి, ఎర్రనీళ్లు పోయి తేటగా వచ్చేదాకా ఓపిగ్గా చేయండి. రేడియేటర్‌ని విడిగా విప్పి, తలకిందులుగా పెట్టి కింద నుంచి నీళ్లు కొట్టండి. పాతది రాగి, ఇత్తడి రేడియేటరే అయితే పారేయకండి, ట్యాంకులు ఊడదీసి సన్నని రాడ్లతో గొట్టాలు శుభ్రం చేసేవాళ్లు, లోపలి కోర్ కొత్తది వేసేవాళ్లు ఇంకా ఉన్నారు. మనవైపు పాత మెకానిక్‌లకి ఈ ఇంజిన్ పరాయిదేం కాదు, అంబాసిడర్‌లో ఏళ్ల తరబడి నడిచిన 1489 సీసీ ఇంజిన్ ఇదే బీ-సిరీస్ కుటుంబం.

థర్మోస్టాట్ తీసి అవతల పారేయమనే సలహా వినకండి. ఇంజిన్ వేడెక్కాల్సినంత వేడెక్కక అరుగుతుంది, అసలు జబ్బు అలాగే ఉంటుంది. గిన్నెలో నీళ్లు కాచి దాన్ని వేలాడదీసి చూడండి, 82 డిగ్రీలది ఆ దగ్గర్లో తెరుచుకోవాలి. వేడి ప్రాంతంలో ఉంటే 74 డిగ్రీలది వేసుకోవచ్చు, కానీ అది ఇంజిన్‌కి చల్లదనం పెంచదు, వాల్వ్ ముందుగా తెరుస్తుంది, అంతే. రేడియేటర్ క్యాప్ రబ్బరు చూడండి, 10 పౌండ్ల ప్రెజర్ (చదరపు అంగుళానికి) పట్టే క్యాప్ సరిగ్గా పట్టి ఉంటే ఉత్త నీళ్లు కూడా సుమారు 115 డిగ్రీల దాకా మరగవు. పాత హీటర్ ఉన్న కారుకి ఇంకా ఎక్కువ ప్రెజర్ క్యాప్ పెట్టకండి, హీటర్ కోర్ పగలొచ్చు.

ఫ్యాన్ బెల్ట్‌ని పొడుగ్గా ఉన్న వైపు మధ్యలో వేలితో నొక్కితే అర అంగుళం దాకా లోపలికి పోవాలి. రేడియేటర్ పై అంచుకీ బోనెట్‌కీ మధ్య ఫోమ్ సీల్ ఉందో లేదో చూడండి, పక్కల రేకుల్లో ఖాళీలుంటే మూయండి, లేకపోతే గాలి సులువైన దారి చూసుకుని రేడియేటర్ పక్కనుంచి పోతుంది. బోనెట్ వెనక అంచు ఎత్తి పెడితే వేడి బయటకి పోతుందనుకుంటారు గానీ వేగంలో అద్దం కింద గాలి ఒత్తిడి ఎక్కువ, అందుకని అటునుంచి గాలి లోపలికే వస్తుంది.

టైమింగ్ వెనక్కి ఉన్నా, వాక్యూమ్ గొట్టం చిట్లినా, ఎస్‌యూ కార్బురేటర్లు పెట్రోల్ తక్కువ ఇస్తున్నా ఇంజిన్ వేడెక్కుతుంది. టైమింగ్‌ని స్ట్రోబ్ లైట్‌తో చూసుకోండి, ప్లగ్గులు తెల్లగా కాలి ఉంటే మిక్స్చర్ సరిచేయండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే క్యాప్ తీసి స్టార్ట్ చేస్తే, నిమిషాల తరబడి బుడగలు ఆగకుండా వస్తుంటే హెడ్ గ్యాస్కెట్ (బ్లాక్‌కీ పైన హెడ్‌కీ మధ్య ఉండే సీల్) పోయింది, ఇంక వేరే ఏం చేసినా దండగ.

ఇవన్నీ అయ్యాకే ఎలక్ట్రిక్ ఫ్యాన్. 1977 మోడల్ నుంచి కంపెనీయే ఇచ్చింది. 1967కి ముందు కార్లలో డైనమో ఇచ్చేది 22 ఆంప్స్ మాత్రమే, రాత్రి లైట్లు, ఫ్యాన్, వైపర్ కలిస్తే బ్యాటరీ తినేస్తుంది. పైగా అవి పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ ప్లస్ వైపు బాడీకి కలిపి ఉంటుంది, మామూలుగా కలిపితే ఫ్యాన్ ఉల్టా తిరిగి గాలిని ముందుకు తోస్తుంది. రిలే, ఫ్యూజ్ తప్పనిసరి.

నింపేటప్పుడు డిస్టిల్డ్ వాటర్, పాత ఇత్తడి రేడియేటర్లకి సరిపడే కూలెంట్ వాడండి. కారు ముందు భాగం ఎత్తి, హీటర్ వాల్వ్ తెరిచి, నెమ్మదిగా పోస్తే గాలి లోపల చిక్కుకోదు. పొంగిన నీళ్లు పట్టే ట్యాంక్ విడిగా లేని కార్లలో మూతి దాకా నింపకండి, ఒక అంగుళం కింద ఆపండి. ఆపైన పోసిందంతా వేడెక్కగానే రోడ్డు మీద కక్కేస్తుంది, అది లీకనుకుని చాలామంది కొత్త సామాన్లు కొంటుంటారు. మర్నాడు చల్లగా ఉన్నప్పుడు లెవెల్ మళ్లీ చూసి, తగ్గినంతే కలపండి.