పేగన్ మతాలనూ క్రైస్తవాన్నీ పోల్చి చదవడం ఎలా?

క్రైస్తవం రాకముందు ఆయా దేశాల్లో జనం పలు దేవతలను కొలిచిన మతాలను పేగన్ మతాలంటారు. పోలిక మొదలుపెట్టేముందు, పేగన్ మతం అన్నప్పుడు ఏ దేశానిది, ఏ శతాబ్దానిది తీసుకుంటున్నామో తేల్చుకోవాలి. గ్రీసు, ఈజిప్టు, ఉత్తర ఐరోపా దేవతలందరినీ ఒకే గాటన కట్టేస్తే పోలిక ఎటూ తేలదు. శాసనాలు, ఉత్తరాలు విరివిగా దొరుకుతాయి గనుక కొత్తవారికి రోము అనువైనది.

దేవుడొక్కడా, పలువురా అన్న లెక్కతో మొదలుపెట్టడం మామూలే గాని, దానివల్ల ఒరిగేది తక్కువ. ఎవరు ఏమి చేయాలి, ఏమి నమ్మాలి అన్న రెండు ప్రశ్నలనూ విడివిడిగా అడగండి. సుమారు 112లో, నేటి వాయవ్య టర్కీలో ఉన్న బితినియా ప్రాంతపు పాలకుడు ప్లినీ, ట్రాజన్ చక్రవర్తికి రాసిన ఉత్తరం ఇందుకు గట్టి ఆధారం. క్రైస్తవులన్న ఆరోపణతో తన ముందుకు వచ్చినవారిలో, దేవతలను స్తుతించి, చక్రవర్తి ప్రతిమ ఎదుట ధూపమూ ద్రాక్షారసమూ సమర్పించి, క్రీస్తును దూషించినవారిని వదిలిపెట్టానని ఆయన రాశాడు. అంటే రోము ప్రభుత్వం కోరింది క్రియను. మనసులో ఏముందన్నది అది పెద్దగా పట్టించుకోలేదు. ఒకే మనిషి రోమనుల ప్రధాన దేవుడు జూపిటర్‌కు బలి ఇచ్చి, ఈజిప్టు దేవత ఐసిస్‌ను కూడా కొలవవచ్చు. క్రైస్తవ మతపెద్దలు మాత్రం 325లో నేటి టర్కీలోని నైసియాలో సమావేశమై, ఏమి నమ్మాలో వాక్యాలుగా రాసుకున్నారు. సికింద్రాబాద్‌లో ఏదైనా సీఎస్ఐ చర్చి ఆరాధనకు వెళితే, సంఘమంతా లేచి నిలబడి విశ్వాస ప్రమాణాన్ని ఒక్క గొంతుతో చెప్పడం వినవచ్చు. ఆషాఢంలో ఉజ్జయిని మహంకాళి గుడి దగ్గర బోనమెత్తిన ఆడవారిని అటువంటి ప్రమాణం ఎవరూ అడగరు; పసుపు రాసి వేపమండలు కట్టిన కుండలో అన్నం, పైన వెలిగే దీపం అమ్మవారికి చేరితే చాలు. బోనాలు రోము మతమేమీ కాదు, ఆ రెంటికీ చుట్టరికం కలపనవసరమూ లేదు; క్రియ ప్రధానమైన ఆరాధన ఎలా ఉంటుందో కళ్లారా చూడటానికి మాత్రమే అక్కడికి వెళ్లాలి.

తరువాత మొక్కును పరిశీలించండి. కోరిక తీరితే ఫలానాది ఇస్తానని మాట ఇచ్చి, తీరాక చెల్లించినట్లు రాతిమీద చెక్కించడం రోమనులకు పరిపాటి. క్రీస్తు బలి ఒక్కసారే, అందరి కోసం జరిగిపోయిందని బైబిల్లో హెబ్రీయులకు రాసిన పత్రిక (అంటే ఉత్తరం) పదో అధ్యాయం చెబుతుంది. ఆ లెక్కన ఇచ్చిపుచ్చుకునే బేరానికి తావు ఉండకూడదు. అయినా ఫిబ్రవరిలో విజయవాడలోని గుణదల మేరీమాత ఉత్సవాలకు వెళ్లి తలనీలాలిచ్చి కొబ్బరికాయలు కొట్టే భక్తులున్నారు. అందుకే ఒక మతపు గ్రంథాన్ని మరో మతపు వీధి ఆచారంతో తూచవద్దు. గ్రంథానికి గ్రంథం, ఆచారానికి ఆచారం సరిజోడు.

పోలిక కనబడగానే అరువు తెచ్చుకున్నారని తీర్పు చెప్పడం మరో తొందరపాటు. డిసెంబరు 25 సూర్యదేవుని పండుగ నుంచే వచ్చిందని ధీమాగా చెబుతుంటారు. 274లో అరేలియన్ చక్రవర్తి సూర్యునికి రోములో గుడి కట్టించిన మాట నిజమే గాని, ఆ తేదీన సూర్యోత్సవమూ క్రీస్తు జననమూ రెండూ కనబడేది 354 నాటి ఒకే పంచాంగంలో. ఎవరు ముందన్నది దానితో తేలదు.

చివరగా, తొలితరం క్రైస్తవ ప్రచారకుడు పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో 8 నుంచి 10 అధ్యాయాలు తప్పక చదవండి. భోజనానికి పిలిచినవారి ఇంట వడ్డించింది ఆరా తీయకుండా తినమనీ, ఇది విగ్రహాలకు బలి అర్పించినదని ఎవరైనా చెబితే మాత్రం, చెప్పినవాని మనస్సాక్షి కోసం తినవద్దనీ ఆయన సలహా. పక్కింటినుంచి బోనాల ప్రసాదం వచ్చినప్పుడు మన బస్తీల్లోని క్రైస్తవ కుటుంబాల్లో కొందరు కళ్లకద్దుకుని తీసుకుంటారు, కొందరు మర్యాదగా వద్దంటారు. కారణం అడగదలిస్తే పండుగ సందడి తగ్గాక, వారి ఇంట్లోనే, నెమ్మదిగా అడగండి. వీధిలో నలుగురి మధ్య అడిగితే జవాబు మీకు కాక ఆ నలుగురికీ చెబుతారు.