లాకుల్లో లాక్ వేరు, ఇంటి లాక్ వేరు

గోదావరి డెల్టాలో లాకు అనగానే ముందు మెదిలేది తాళం కాదు, కాలవ. ఆత్రేయపురం దగ్గర లొల్ల లాకులు ఎరగనివాళ్లు తక్కువ. అది ఇంగ్లీషు లాకే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. ఆ కాలవల పనులతోనే ఈ మాట మన నోళ్లలో పడింది.

కాలవ మెట్టు దిగినట్టు దిగేచోట పడవ కిందికి రావాలంటే అటూ ఇటూ తలుపులున్న తొట్టి కావాలి. పడవ లోపలికి రాగానే వెనక తలుపులు మూసి, తూముల్లోంచి నీరు దిగువకి వదులుతారు. మట్టాలు సమానమయ్యాకే ముందు తలుపులు తీస్తారు. అంతకుముందు ఎంత నెట్టినా కదలవు, నీటి బరువంతా వాటిమీదే ఉంటుంది. ఇంగ్లీషులో లాక్ అంటే ఈ కట్టడం మొత్తం. తలుపు పేరు లాక్ గేట్. పక్కనే నీటిని వదిలే షట్టర్ల వరస రెగ్యులేటర్. మనం అన్నిటినీ లాకులనే అంటాం గానీ, అనువాదం చేసేటప్పుడు విడదీసి తీరాలి.

ఎక్కువ తప్పులు ఇంటి తాళం దగ్గరే. 'తాళం పోయింది' అంటే మనకి చాలాసార్లు పోయేది తాళంచెవి. దాన్ని 'ఐ లాస్ట్ ది లాక్' అంటే తాళంకప్పే పోయిందని అర్థం. అక్కడ 'కీ' అనాలి. చెవి తిప్పితేనే 'లాక్ ది డోర్'. తలుపు దగ్గరకి వేస్తే 'క్లోజ్', గడియ పెడితే 'బోల్ట్'. చెవి లోపల ఉండిపోయి మనిషి బయట చిక్కుకుంటే 'ఐ యామ్ లాక్డ్ ఔట్'. ఆ 'యామ్' మింగేయకండి. యాజమాన్యమే గేటు మూసి కార్మికుల్ని పనికి రానివ్వకపోతే అది లాకౌట్. సమ్మెని లాకౌట్ అని రాస్తే నెపం తలకిందులవుతుంది.

బ్యాంకు కాగితంలో లాకిన్ అని ఉంటే, డబ్బు కదలని గడువు. పన్ను మినహాయింపు ఎఫ్‌డీకి అది 5 ఏళ్లు. సంతకానికి ముందే చూసుకోవాలి.

లాక్ అని పలికేటప్పుడు నోరు గుండ్రం చేసి, ఆ-కీ ఒ-కీ మధ్య పొట్టిగా పలకాలి. ల్యాక్ అంటే కొరత, లక్ అంటే అదృష్టం. సాగదీస్తే లార్క్ అనే పిట్ట పేరులా వినిపిస్తుంది.

'లాక్ ఆఫ్ హెయిర్' అంటే జుట్టు పాయ. దానికి తాళంతో చుట్టరికం లేదు, నిఘంటువులో అది వేరే పదం.