విమానంలో భూమిని చుట్టి రావడం: హైదరాబాద్ నుంచి తక్కువ ఖర్చులో ఎలా ప్లాన్ చేసుకోవాలి?

మా ఇంట్లో ప్రపంచయాత్ర మాట పుట్టింది తిరుపతికి రైలు టికెట్లు దొరకని ఓ ఏప్రిల్ సాయంత్రం. "వెయిటింగ్ లిస్టు నూట నలభై చూపిస్తోంది. దీనికన్నా జపాన్ పోవడం తేలికేమో" అంది మా ఆవిడ, వేళాకోళానికే. ఆ రాత్రి నిద్రపట్టక ఫోన్లో నొక్కి చూశాను. హైదరాబాద్ నుంచి బ్యాంకాక్, అక్కణ్నుంచి టోక్యో, అక్కణ్నుంచి లాస్ ఏంజెలెస్. ఒక్కో ముక్క విడిగా చూస్తే గుండె గుభేలుమనే ధరలేం కావు. గోడ మీది క్యాలెండర్లో అయిపోయిన మార్చి కాగితం చించి, వెనక వైపు లెక్కలు వేశాను. ఏడాదిన్నర తర్వాత ఇద్దరం 52 రోజుల్లో చుట్టొచ్చాం.

ఆ కాగితం మీద నేను మొదట రాసినవన్నీ టికెట్ ధరలే. అక్కడే తప్పు చేశాను. మన పాస్‌పోర్టుతో భూమిని చవగ్గా చుట్టాలంటే మొదట రాసుకోవాల్సింది వీసా తేదీలు. ఏ దారిన పోవాలో, ఏ దేశం ముందో, ఏ నెలలో బయల్దేరాలో అవే చెబుతాయి.

1. ముందు దిక్కు తేల్చుకోండి

తూర్పుగా పోవచ్చు, పడమరగానూ పోవచ్చు. నా ఓటు తూర్పుకే. ఉత్తరార్ధగోళంలో ఎత్తులో వీచే జెట్ గాలులు పడమర నుంచి తూర్పుకు సాగుతాయి. అటు పోయే విమానం త్వరగా చేరుతుంది. పసిఫిక్ మీద ఆ తేడా బాగా తెలుస్తుంది. ఇంకో కారణం వీసాలది, అది కింద చెబుతాను. తూర్పుకు పోతే జెట్‌లాగ్ ఎక్కువ బాధిస్తుందన్న మాట నిజమే. లాస్ ఏంజెలెస్‌లో మొదటి మూడు రోజులు రాత్రి రెండింటికి లేచి కూర్చుని అటుకులు నానబెట్టుకున్నాం.

దారి గీసేటప్పుడు భూగోళం పైసగంలోనే ఉండండి. భూమధ్యరేఖ దగ్గర చుట్టుకొలత 40,075 కిలోమీటర్లు. పైకి పోయేకొద్దీ అది తగ్గుతుంది. పోటీ ఎక్కువగా ఉండి రేట్లు తగ్గే రూట్లు కూడా ఆ పట్టీలోనే ఉన్నాయి. ఆస్ట్రేలియా, దక్షిణ అమెరికా, ఆఫ్రికా చూడాలని మనసుకు ఉంటుంది. ఒక్కోటి కలిపినప్పుడల్లా ఖర్చు ఎగబాకుతుంది. వాటిని ఇంకో జన్మకు కాదుగానీ ఇంకో యాత్రకు పెట్టుకోండి.

చివరికి మేం ఖాయం చేసుకున్న దారి: హైదరాబాద్, బ్యాంకాక్, టోక్యో, లాస్ ఏంజెలెస్, డాలస్, న్యూయార్క్, రేక్యవిక్ (ఐస్‌లాండ్ రాజధాని), ఫ్రాంక్‌ఫర్ట్, తిరిగి హైదరాబాద్. మధ్యలో డాలస్ ఎందుకంటే అక్కడ మా చిన్నాన్న కూతురు ఉంది. తొమ్మిది రోజులు హోటల్ ఖర్చు లేదు, రోజూ పప్పన్నం. అమెరికాలో చుట్టాలో స్నేహితులో లేని హైదరాబాదీ ఇల్లు అరుదు. మొహమాటపడకుండా ముందే ఫోన్ చేయండి. అమెరికాలో హోటల్ గదులే ఈ యాత్రలో అన్నిటికన్నా పెద్ద ఖర్చు.

2. వీసాలు: వెనక నుంచి ముందుకు

ఈ దారికి మూడు పెద్ద వీసాలు కావాలి: అమెరికా, షెంజెన్ (యూరప్ దేశాల ఉమ్మడి వీసా), జపాన్. మూడూ బయల్దేరకముందే ఇక్కడే తీసుకోవాలి. షెంజెన్, జపాన్ వీసాలకు మామూలుగా మనం నివసించే చోటే దరఖాస్తు చేయాలి. దారిలో ఎక్కడో వేసుకుందాంలే అంటే కుదరదు. పైగా పాస్‌పోర్టు ఒక్కటే. ఒక చోట ఇచ్చాక అది తిరిగొచ్చేదాకా ఇంకో దరఖాస్తు కదలదు.

అందుకే వరస ముఖ్యం. మొట్టమొదట అమెరికా. విజిటర్ వీసా మనవాళ్లకు మామూలుగా పదేళ్లకు ఇస్తారు, కాబట్టి తొందరగా తీసుకుంటే నష్టం లేదు. ఆలస్యమంతా ఇంటర్వ్యూ స్లాట్ దగ్గరే, నెలలు పట్టొచ్చు. వేలిముద్రలకు ఒక రోజు, నానక్‌రామ్‌గూడ కాన్సులేట్లో ఇంటర్వ్యూకు ఇంకో రోజు. వీసా ఇవ్వకపోతే కట్టిన రుసుము తిరిగిరాదు. అందుకే అది చేతికొచ్చేదాకా ఒక్క టికెట్ కూడా కొనకండి. అమెరికాలో దిగి అక్కడే విమానం మారడానికైనా వీసా ఉండాల్సిందే.

తర్వాత షెంజెన్. ప్రయాణానికి ఆరు నెలల కన్నా ముందు దరఖాస్తు తీసుకోరు. కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాలి. పెద్దవాళ్లకు రుసుము 90 యూరోలు. ఒక్క వీసాతో 29 దేశాలు తిరగొచ్చు, ఐస్‌లాండ్ కూడా అందులోదే. ఏ దేశంలో ఎక్కువ రోజులు ఉంటామో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. ఇంగ్లండ్ ఈ లెక్కలోకి రాదు, దానికి వీసా వేరు, ఖర్చు వేరు. లండన్ కావాలా, మిగతా యూరప్ కావాలా అంటే నేను రెండోదే అంటాను.

చివర జపాన్. ఒక్కసారి ప్రవేశానికిచ్చే టూరిస్టు వీసా ఇచ్చిన రోజు నుంచి మూడు నెలలే చెల్లుతుంది. మూడింటిలోకీ ముందు గడువు తీరేది అదే కనుక ముందు వాడేయాల్సిందీ అదే. తూర్పుగా పోతే జపాన్ మొదట వస్తుంది, షెంజెన్ చివర వస్తుంది. ఇందాక చెబుతానన్న కారణం ఇదే. పడమరగా పోతే జపాన్ వీసా గడువు యూరప్‌లోనో అమెరికాలోనో తిరుగుతుండగానే తీరిపోయే ప్రమాదం ఉంది.

థాయిలాండ్ 2024 జులైలో మన పాస్‌పోర్టుకు 60 రోజుల వీసా మినహాయింపు ఇచ్చింది. ఇలాంటి వెసులుబాట్లు మారుతూనే ఉంటాయి, టికెట్ కొనే వారం మరోసారి చూసుకోండి. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా చేతిలో ఉంటే మెక్సికోకు వేరే వీసా అక్కర్లేదు. అదే ఉంటే టర్కీకి ఆన్‌లైన్లోనే ఈ-వీసా వస్తుంది. ఒక్క వీసా మీద రెండు దేశాలు కొసరు.

పాస్‌పోర్టు గడువు తిరిగొచ్చే రోజు తర్వాత కూడా ఆరు నెలలు మిగలాలి. ఖాళీ పేజీలు లెక్కపెట్టుకోండి.

3. ఒకే టికెట్టా, ముక్కల టికెట్లా?

విమాన సంస్థల కూటములు అమ్మే రౌండ్ ద వరల్డ్ టికెట్ ఒకటుంది. ఎయిర్ ఇండియా సభ్యురాలైన స్టార్ అలయన్స్ ఒక కూటమి. ఖతార్ ఎయిర్‌వేస్, బ్రిటిష్ ఎయిర్‌వేస్, కాథే పసిఫిక్, జపాన్ ఎయిర్‌లైన్స్ ఉన్న వన్‌వరల్డ్ ఇంకోటి. నియమాలు దాదాపు ఒకటే: బయల్దేరిన దేశానికే తిరిగి రావాలి, ఒకే దిక్కుగా పోవాలి, అట్లాంటిక్‌నూ పసిఫిక్‌నూ ఒక్కొక్కసారే దాటాలి, ఏడాదిలో ముగించాలి. మొదటిది ధరను మైళ్ల మీద లెక్కేస్తుంది, రెండోదాని ఎక్స్‌ప్లోరర్ టికెట్ ఖండాల మీద లెక్కేస్తుంది. నాలుగైదు ఖండాలు తిరుగుతూ ఆరేడు నెలలు తీసుకునేవాళ్లకు, తేదీలు తరచూ మార్చేవాళ్లకు ఇది లాభం. ఒక విమానం రద్దయితే తర్వాతి దాని బాధ్యత వాళ్లదే కావడం పెద్ద ఊరట.

రెండు నెలల లోపు, ఎనిమిది ఊళ్లు అనుకునేవాళ్లకు ముక్కలే చవక. నా క్యాలెండర్ కాగితం మీది అంచనా ఇదీ, ఒక మనిషికి రమారమి:

హైదరాబాద్–బ్యాంకాక్: 9 నుంచి 12 వేలు
బ్యాంకాక్–టోక్యో: 14 నుంచి 20 వేలు
టోక్యో–లాస్ ఏంజెలెస్: 30 నుంచి 45 వేలు
లాస్ ఏంజెలెస్–డాలస్–న్యూయార్క్: 15 నుంచి 20 వేలు
న్యూయార్క్–రేక్యవిక్–ఫ్రాంక్‌ఫర్ట్: 30 నుంచి 40 వేలు
ఫ్రాంక్‌ఫర్ట్–హైదరాబాద్: 30 నుంచి 45 వేలు

మొత్తం లక్షా ముప్పై వేలకూ లక్షా ఎనభై వేలకూ మధ్య. గుట్టు పసిఫిక్ ముక్కలో ఉంది. జపాన్ ఎయిర్‌లైన్స్ వాళ్ల చవక సంస్థ జిప్‌ఎయిర్ బ్యాంకాక్ నుంచి టోక్యో విమానాశ్రయం నరీతాకు, నరీతా నుంచి లాస్ ఏంజెలెస్‌కు నడుపుతుంది. తిండి, బ్యాగు అన్నిటికీ విడిగా డబ్బు కట్టాలి. పులిహోర పొట్లం కట్టుకునే జాతికి అదేం ఇబ్బంది కాదు. అట్లాంటిక్ ముక్కలో ఐస్‌లాండ్ ఎయిర్ మంచి బేరం: దారిలో ఐస్‌లాండ్‌లో ఏడు రోజుల వరకు ఆగినా విమాన ఛార్జీ పెరగదు. అక్కడ భోజనం ధర చూసి మాత్రం కళ్లు తిరుగుతాయి, మూడు రోజులు చాలు.

ఆఖరి ముక్క దగ్గర జాగ్రత్త. పెద్ద సంస్థలు వన్‌వే టికెట్‌కు కొన్నిసార్లు రానుపోను ధరకు దగ్గరగా వసూలు చేస్తాయి. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి శంషాబాద్‌కు లుఫ్తాన్సా నేరుగా వస్తుంది. గల్ఫ్ మీదుగా వచ్చేవాటితో పోల్చి చూడండి. క్రెడిట్ కార్డు పాయింట్లు ఏళ్ల తరబడి కూడబెట్టి ఉంటే వాటిని వాడాల్సింది ఈ ముక్కకే.

ముక్కల టికెట్లలో ఒక గండం ఉంది, మేం పడ్డాం. ఒకచోట వేరే వేరే సంస్థల రెండు టికెట్ల మధ్య మూడు గంటలు పెట్టుకున్నాను. మొదటి విమానం గంటన్నర లేటు. బ్యాగు నేరుగా తర్వాతి విమానానికి పోదు. ఇమిగ్రేషన్ దాటి, బెల్టు దగ్గర తీసుకుని, మళ్లీ చెక్ ఇన్ చేయాలి. కౌంటర్ కళ్లముందే మూసేశారు. "అది మీ టికెట్, ఇది మా టికెట్" అన్నాడు అవతలివాడు, తప్పేం లేదు. కొత్త టికెట్లకు పోసిన డబ్బుతో మూడుసార్లు తిరుపతి వెళ్లొచ్చు. సంస్థ మారేచోట కనీసం ఒక రాత్రి ఆ ఊళ్లో పడుకోండి.

4. ఏ నెలలో?

హైదరాబాద్ నుంచి ఆగస్టులో అమెరికా వైపు విమానాలన్నీ మన విద్యార్థులతో, వాళ్ల అమ్మానాన్నల సూట్‌కేసులతో నిండిపోతాయి. డిసెంబరులో రద్దీ ఇటువైపు తిరుగుతుంది. జపాన్‌లో మార్చి చివరి చెర్రీ పూల వారాలు, ఏప్రిల్ ఆఖరు నుంచి మే మొదటి వారం దాకా సాగే గోల్డెన్ వీక్ సెలవులు మన జేబుకు చిల్లే. మేం సెప్టెంబరు మొదట్లో బయల్దేరి అక్టోబరు చివర్లో వచ్చాం. చలీ లేదు, రద్దీ లేదు.

5. బ్యాగు

చవక విమానాల్లో చేతి సామాను మామూలుగా 7 కిలోలు. ఇంట్లో బ్యాగు తూచుకోవడానికి వేలాడే త్రాసు ఒకటి కొనండి. ఆవకాయ చేతి బ్యాగులో పెట్టొద్దు. 100 మిల్లీలీటర్లు దాటిన నూనె పదార్థంగా చూసి తీసేస్తారు. పొడులు నయం, కానీ అమెరికా వైపు పోయే విమానాల్లో 350 మిల్లీలీటర్లకు మించి చేతిలో ఉంటే విప్పి చూస్తారు. మా కరివేపాకు పొడిని ఆ అధికారి మూత తీసి వాసన చూసి, గట్టిగా తుమ్మి, పొమ్మన్నాడు. అమెరికాలో దిగాక తినే వస్తువు ఏదున్నా కస్టమ్స్‌కు ముందే చెప్పండి.

6. డబ్బు, బీమా

మామూలు కార్డు విదేశాల్లో గీస్తే బ్యాంకులు సుమారు 2 నుంచి 3.5 శాతం మార్కప్ (అదనపు రుసుము) వేస్తాయి. మార్కప్ లేని కార్డు ఒకటి బయల్దేరే రెండు నెలల ముందే తెచ్చుకోండి. దుకాణంలో మిషన్ "రూపాయల్లోనా, యెన్‌లోనా?" అని అడిగితే ఎప్పుడూ అక్కడి కరెన్సీనే నొక్కండి. రూపాయలు నొక్కితే వాళ్లిష్టం వచ్చిన రేటు. షెంజెన్‌కు కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. యాత్ర మొత్తానికి ఒకే పాలసీ తీసుకుంటూ, అందులో అమెరికా కలిసి ఉందో లేదో చదవండి. అమెరికా మినహా అని ఉన్నది చవగ్గా దొరుకుతుంది, మనకు పనికిరాదు.

ఆఫ్రికాగానీ దక్షిణ అమెరికాగానీ కలుపుకున్నవాళ్లకు ఒక మాట. ఎల్లో ఫీవర్ ఉన్న దేశాల నుంచి తిరిగొచ్చేటప్పుడు టీకా సర్టిఫికెట్ లేకపోతే ఇక్కడ దిగగానే క్వారంటైన్‌కు పంపుతారు. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేయించుకోవాలి.

7. హోటల్ బుక్ చేసే ముందు తేదీ రేఖ

నరీతాలో సెప్టెంబరు 20న సాయంత్రం ఐదుకు విమానం ఎక్కాం. పది గంటల ప్రయాణం, కాబట్టి 21న దిగుతామని లెక్కేసి ఆ రోజుకే గది బుక్ చేశాను. దిగేసరికి లాస్ ఏంజెలెస్‌లో 20వ తేదీ ఉదయం పదకొండు. ఎక్కకముందే దిగినట్టు! రిసెప్షన్‌లోని అమ్మాయి నవ్వు ఆపుకుంటూ, ఉన్న ఒక్క గదికి ఆ రాత్రి రేటు చెప్పింది. కట్టాం. పసిఫిక్ మధ్యలోని తేదీ రేఖను తూర్పుకు దాటితే తేదీ ఒక రోజు వెనక్కి పోతుంది, పడమరకు దాటితే ఒక రోజు ఎగిరిపోతుంది. టికెట్ మీద దిగే తేదీ స్థానిక కాలంలోనే రాసి ఉంటుంది. దాన్ని చూసి గది తీసుకోండి, నాలాగ వేళ్ల మీద లెక్కపెట్టొద్దు.

తెల్లవారుజామున శంషాబాద్‌లో దిగి, క్యాబ్ కాదని పుష్పక్ బస్సెక్కి ఇంటికొచ్చాం. మా ఆవిడ డైరీలో రోజూ పొద్దున ఏం తిన్నామో రాసింది. 53 టిఫిన్లు. అమ్మ క్యాలెండర్‌లో పాలప్యాకెట్ల గీతలు 52. "ఒకరోజు పాలు ఎగ్గొట్టాడా వీడు?" అని అమ్మ పాలబ్బాయి మీద అనుమానపడింది. 20వ తేదీ మాకు రెండు పొద్దులు వచ్చాయని చెప్పి ఒప్పించేసరికి కాఫీ చల్లారిపోయింది.