చుంచెలుక టి కణాల్లో పీడీ-1, ఎస్‌హెచ్‌పీ-2 ప్రోటీన్ల జోడింపును గుర్తించే విధానం

రోగనిరోధక వ్యవస్థలోని టి కణాల దూకుడుకు పీడీ-1 ప్రోటీన్ కళ్లెం వేస్తుంది. ఆ ప్రోటీన్ లోపించిన చుంచెలుకలకు లూపస్ (రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరం మీదే దాడి చేసే వ్యాధి) వంటి జబ్బు వస్తుందని క్యోటోలోని తసుకు హోంజో బృందం 1999లో చూపింది. కణం లోపల ఈ పనిని ప్రధానంగా నెరవేర్చే ఎంజైమ్ ఎస్‌హెచ్‌పీ-2. పీడీ-1 తోకలోని టైరోసిన్ అనే అమైనో ఆమ్లాలకు ఫాస్ఫేట్ చేరితేనే అది వచ్చి అతుక్కుంటుంది కనుక, ప్రయోగం మొదలు నుంచి చివరి దాకా ఆ ఫాస్ఫేట్‌ను ఊడిపోనీయకుండా కాపాడుకోవాలి.

జంతు నైతిక సంఘం అనుమతి పొందాక, ప్లీహాన్ని 70 మైక్రాన్ల జల్లెడలో మెత్తగా నలిపి టి కణాలను వేరుచేయాలి. విశ్రాంతిలో ఉన్న కణాల మీద పీడీ-1 దాదాపు కనిపించదు కాబట్టి, వాటి మీది సీడీ3, సీడీ28 ప్రోటీన్లను పట్టుకునే యాంటీబాడీలతో 48 నుంచి 72 గంటలు ఉత్తేజపరచాలి. ఒక్కో నమూనాకు కనీసం కోటి కణాలు ఉండటం మంచిది.

ఎక్కువ మంది దెబ్బతినేది సోడియం ఆర్థోవెనడేట్ దగ్గరే. ఫాస్ఫేట్‌ను తొలగించే ఎంజైములను అడ్డుకునే ఈ లవణాన్ని నేరుగా కరిగించి వాడితే సరిగా పనిచేయదు. 200 మిల్లీమోలార్ ద్రావణాన్ని పీహెచ్ 10కి తెస్తే పసుపు రంగు తిరుగుతుంది. దాన్ని రంగు పోయేవరకు మరిగించి, చల్లార్చి, పీహెచ్‌ను మళ్లీ సరిచేసి, ఇక పసుపు రానంత వరకు ఇలాగే చేయాలి. కణాలను పగలగొట్టే ద్రావణమైన లైసిస్ బఫర్‌లో దీన్ని 1 మిల్లీమోలార్ మేర కలపాలి. ఈడీటీఏ, డీటీటీ అనే రసాయనాలు దీని శక్తిని హరిస్తాయి కాబట్టి వాటిని ఆ బఫర్‌లో వేయకూడదు.

కణాలను 1 శాతం ఎన్‌పీ-40 డిటర్జెంట్ ఉన్న ఆ బఫర్‌లో మంచు మీద 30 నిమిషాలు ఉంచి, సెంట్రిఫ్యూజ్ చేసి, పైన తేరిన ద్రవానికి ర్యాట్ నుంచి తయారైన పీడీ-1 యాంటీబాడీని కలిపి, 4 డిగ్రీల వద్ద రాత్రంతా తిప్పాలి. ర్యాట్ యాంటీబాడీలను ప్రోటీన్-ఏ గట్టిగా పట్టుకోదు; కనుక యాంటీబాడీని, దానికి అతుక్కున్న ప్రోటీన్లను బయటికి లాగడానికి ప్రోటీన్-జీ పూసలే వాడాలి. అదే తరగతికి చెందిన, పీడీ-1ను గుర్తించని యాంటీబాడీతో మరో నమూనా పక్కన లేకపోతే ఫలితాన్ని నమ్మలేము.

ప్రోటీన్లను పరిమాణాన్ని బట్టి గీతలుగా చూపే వెస్టర్న్ బ్లాట్‌లో ఎస్‌హెచ్‌పీ-2 గీత సుమారు 70 కిలోడాల్టన్ల దగ్గర స్పష్టంగా కనిపిస్తుంది. పీడీ-1 మాత్రం 50 నుంచి 55 మధ్య, అంటే సరిగ్గా యాంటీబాడీ భారీ గొలుసు ఉండే చోటే వస్తుంది కనుక, దాన్ని చూడటానికి కుందేలు నుంచి తయారైన పీడీ-1 యాంటీబాడీని, దాన్ని గుర్తించడానికి ర్యాట్ యాంటీబాడీకి అంటుకోని రెండో యాంటీబాడీని వాడాలి.

కణాలకు ఫాస్ఫేట్‌ను తొలగించే ఎంజైములను బలంగా అడ్డుకునే పర్‌వెనడేట్ ఇచ్చినప్పుడు మాత్రమే గీత వస్తే, ఈ జోడింపు సాధ్యమని మాత్రమే చెప్పగలం. సహజంగా జరుగుతోందని అనాలంటే, సీడీ3 యాంటీబాడీతో పాటు పీడీ-1కు అతుక్కుని దాన్ని పనిచేయించే పీడీ-ఎల్1 ప్రోటీన్ పూత ఉన్న పూసలతో ఉత్తేజపరచిన కణాల్లోనూ అది కనిపించాలి.