బెంట్లీ 8 లీటరా, ఫాంటమ్ 2నా? పోల్చే ముందు ఇవి చూడండి

బెంట్లీ 8 లీటర్, రోల్స్ రాయిస్ వాళ్ల ఫాంటమ్ 2 రెండూ 1930 ప్రాంతపు బ్రిటిష్ లగ్జరీ కార్లు. ఫొటోలు చూసి మాత్రం ఏది గొప్పదో తేల్చకండి. 1930 ప్రాంతంలో బెంట్లీ గానీ రోల్స్ రాయిస్ గానీ అమ్మింది ఇంజిను, ఛాసిస్ (కారు కింది చట్రం), రేడియేటర్ వరకే. పైన బాడీ కట్టింది హూపర్, బార్కర్, పార్క్ వార్డ్ లాంటి వేరే కంపెనీలు, అదీ కొన్నవాడు చెప్పినట్టు. పైగా 8 లీటర్ బెంట్లీల్లో కొన్నిటికి తర్వాతి రోజుల్లో పాత సెలూన్ (పైకప్పుతో మూసి ఉండే) బాడీ పీకేసి ఓపెన్ టూరర్ (గట్టి పైకప్పు లేని) బాడీ తొడిగారు. అలాంటి తేలికపాటి టూరర్‌ని తెచ్చి, ఏడుగురు కూర్చునే లిమోసిన్ ఫాంటమ్ పక్కన నిలబెట్టి "బెంట్లీ ఎంత హుషారో" అంటే ఎలా? సెలూన్‌ని సెలూన్‌తోనే చూడాలి.

తర్వాత బానెట్ ఎత్తండి. రెండూ వరసగా 6 సిలిండర్లే. బెంట్లీది 7983 సీసీ, ఫాంటమ్‌ది 7668, అంటే ఇక్కడ పెద్ద తేడా లేదు. తేడా అంతా వాల్వుల దగ్గరే. బెంట్లీకి వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్ట్ ఇంజిను పైనే ఉంటుంది, సిలిండర్‌కి 4 వాల్వులు. ఆ క్యామ్ షాఫ్ట్‌ని తిప్పేది చైను కూడా కాదు, రైలింజను చక్రాలను కలిపే కడ్డీల్లాంటివి మూడు (కంపెనీ పెట్టిన డబ్ల్యూ.ఓ. బెంట్లీ పని నేర్చుకుంది డాంకాస్టర్ రైల్వే వర్క్‌షాపులో మరి!). ఫాంటమ్‌లో క్యామ్ షాఫ్ట్ కింద ఉండి, పుష్‌రాడ్లనే పొడవాటి కడ్డీలతో వాల్వులను నడిపే మామూలు పద్ధతి. హార్స్‌పవర్ పోలుద్దామని కేటలాగులు తిరగేయకండి, రోల్స్ రాయిస్ ఆ అంకె బయటపెట్టేదే కాదు.

నడిపే అవకాశం దొరికితే టాప్ గేర్‌లోనే ఉంచి, మనిషి నడిచేంత వేగం నుంచి మెల్లగా యాక్సిలరేటర్ తొక్కుతూ వెళ్లండి. కుదుపు వస్తుందా, ఇంజిను మూలుగుతుందా గమనించండి. ఆ తర్వాత దిగి వెనక సీట్లో కూర్చోండి, ఎందుకంటే ఈ కార్లు కొన్నవాళ్లలో చాలామంది కూర్చుంది అక్కడే. నిండా బరువున్న సెలూన్‌తో కూడా గంటకు 100 మైళ్లు అందుకునేలా బెంట్లీని తయారుచేశారు. ఫాంటమ్ గొప్పదనం మాత్రం నిశ్శబ్దంలో ఉంది.

చాలామంది పొరబడేది సంవత్సరం దగ్గర. ఫాంటమ్ 2 1929 నుంచి 1935 దాకా వచ్చింది, 1932 నుంచి పై రెండు గేర్లకు సింక్రోమెష్ (గేర్లు కరకరలాడకుండా సులువుగా పడేలా చేసే ఏర్పాటు) కూడా పెట్టారు. బెంట్లీ 8 లీటర్ వచ్చిందే 1930 చివర్లో, 1931 జులైకల్లా కంపెనీ దివాలా తీసింది. మొత్తం తయారైనవి 100 ఛాసిస్‌లు. బెంట్లీని నేపియర్ అనే మరో బ్రిటిష్ కంపెనీ కొనేస్తుందనుకున్న సమయంలో ఒక ట్రస్టు పేరుతో ఎక్కువ ధర పాడి ఎగరేసుకుపోయింది రోల్స్ రాయిస్సే, ఆ మోడల్ కూడా అక్కడితో ఆగిపోయింది. అందుకే 1934 ఫాంటమ్‌లో గేర్లు వెన్నలా పడుతున్నాయని బెంట్లీకి మార్కులు తగ్గించకండి, 1930-31 ఫాంటమ్‌నే పక్కన పెట్టండి. అలా పెడితే నా ఓటు స్టీరింగ్ దగ్గర బెంట్లీకి, వెనక సీట్లో ఫాంటమ్‌కి.