సర్వేలో 'ఫర్వాలేదు', స్టాపులో షేర్ ఆటో

బస్సు రూట్లు వేసేవారి దగ్గర ప్రయాణికుల అభిప్రాయాలకు కొదవ ఉండదు. వాటిని చూసి ఏ ట్రిప్పు మార్చాలో, ఏ స్టాపు జరపాలో తేల్చుకోలేకపోవడమే అసలు చిక్కు. ప్రశ్నపత్రాలు పట్టుకుని కొన్నేళ్లు స్టాపుల్లో నిలబడ్డవాడిని. నాకు మళ్లీ మళ్లీ ఎదురైన తిప్పలు, వాటి మూలాలు, పనిచేసిన మరమ్మతులు ఇవి.

సమస్య: ఎవరిని అడిగినా "ఫర్వాలేదు" అంటున్నారు

ఒక ఉదయం నగర శివారు స్టాపులో టిఫిన్ డబ్బా సంచితో నిలబడ్డ ఒకావిడను "బస్సు సర్వీసు ఎలా ఉందమ్మా?" అని అడిగాను. "ఫర్వాలేదు బాబూ" అన్నారు. మధ్య గడిలో టిక్కు పెట్టి పక్కవారి దగ్గరికి వెళ్లిపోవచ్చు. ఏదో తోచి, "ఇవాళ ఇంటి నుంచి ఎన్నింటికి బయల్దేరారు?" అన్నాను. ఆరున్నరకట. పనిలో చేరాల్సింది ఎనిమిదిన్నరకు, ప్రయాణం 40 నిమిషాలే. "ఏడుంబావు బస్సు ఇక్కడికి వచ్చేసరికే నిండిపోతుంది బాబూ, డ్రైవరు ఆపడు. రోజూ రెండు స్టాపులు వెనక్కి నడిచి అక్కడ ఎక్కుతాను. ఇవాళ కాలు నొప్పిగా ఉండి ఇక్కడే నిలబడ్డాను."

కారణం: ఆ ఒక్క మాటలో రెండు స్టాపుల నడక, గంటకు పైగా వృథా అయిన ఉదయం దాగి ఉన్నాయి. మనవాళ్లు ఫర్వాలేదన్నారంటే సర్దుకుపోతున్నారని అర్థం. ఎదురుగా కాగితం, కలం పట్టుకున్న మనిషి కనిపిస్తే, కండక్టరు ఉద్యోగానికి ఏమైనా ఇబ్బంది అవుతుందేమోనన్న జంకు కూడా తోడవుతుంది. ఏళ్ల తరబడి అలవాటైన ఇబ్బందిని ఎవరూ ఇబ్బందిగా లెక్కపెట్టరు.

పరిష్కారం: అభిప్రాయం జోలికి వెళ్లకుండా నిన్నటి ప్రయాణాన్ని చెప్పించండి. ఎన్నింటికి గడప దాటారు? ఏ స్టాపులో ఎక్కారు, అది ఇంటికి దగ్గరి స్టాపేనా? మొదట వచ్చిన బస్సు ఎక్కారా, వదిలేశారా? వదిలేస్తే ఎందుకు? ఈ నాలుగింటికి జవాబు చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. "ఎలా ఉంది" అన్నది తప్పనిసరి అయితే చివర్లో అడగండి. అప్పటికి మనిషి తన ఉదయాన్ని తలుచుకుని ఉంటారు కాబట్టి జవాబు కాస్త నిజానికి దగ్గరగా వస్తుంది.

సమస్య: సర్వే అంతా బాగుంది, అయినా జనం షేర్ ఆటో ఎక్కుతున్నారు

కారణం: సర్వే బస్సులోపల చేశారు. బస్సు దొరికినవారిని మాత్రమే అడిగారు.

పరిష్కారం: షేర్ ఆటోల అడ్డా దగ్గర, కాలేజీ గేటు ముందు, ఆఫీసుల బైకు పార్కింగులో అడగండి. పాత ప్రభుత్వ లెక్కల మీద ఆధారపడేవారికి ఒక హెచ్చరిక. 2011 జనాభా లెక్కల్లో పనికి ఎలా వెళ్తారు, ఎంత దూరం అన్న ప్రశ్న ఉంది గానీ, వ్యవసాయం, గృహ పరిశ్రమల్లో లేని ఇతర కార్మికులకే దాన్ని పరిమితం చేశారు. పిల్లాడిని బడిలో దింపి, ఆస్పత్రికి వెళ్లి, కూరగాయలు కొనుక్కుని ఇంటికి చేరే గృహిణి ప్రయాణం ఆ పట్టికలో ఎక్కడా కనిపించదు.

సమస్య: "బస్సు వేస్తే తప్పకుండా ఎక్కుతాం" అన్నారు, వేశాక రాలేదు

కారణం: మాటకు టికెట్టు లేదు. కాలనీ సంఘం సమావేశంలో అందరూ చేయెత్తుతారు. ఎత్తినవారిలో చాలామంది పక్కింటివారు ఎక్కితే తమకు రోడ్డు ఖాళీ అవుతుందని ఆశపడేవారేనని నా అనుమానం.

చెప్పిన మాట కంటే చేసిన పని నమ్మదగ్గదనడానికి మంచి ఉదాహరణ శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో ఉంది. అక్కడి బార్ట్ రైలు 1972లో మొదలుకాక ముందు అర్థశాస్త్రవేత్త డేనియల్ మెక్‌ఫాడెన్ బృందం 771 మంది ఉద్యోగులు అప్పటికి ఎలా ప్రయాణిస్తున్నారో, ఒక్కో మార్గానికి వారికి ఎంత సమయం, ఎంత ఖర్చు అవుతోందో లెక్కగట్టింది. 6.3 శాతం మంది రైలెక్కుతారని తేల్చింది. అధికారిక అంచనా 15 శాతం. చివరికి ఎక్కింది 6.2 శాతం. ఈ తరహా విశ్లేషణ పద్ధతులకే మెక్‌ఫాడెన్‌కు 2000లో నోబెల్ బహుమతి వచ్చింది.

పరిష్కారం: ఎక్కుతారా అని అడగకుండా, ఒకటి కావాలంటే మరొకటి వదులుకోవాల్సిన రెండు కార్డులు చేతిలో పెట్టండి. ఒక కార్డు మీద: ఇంటి ముందే స్టాపు, 40 నిమిషాలకో బస్సు. రెండో దాని మీద: 10 నిమిషాల నడక, 8 నిమిషాలకో బస్సు. ఏదో ఒకటే తీసుకోవాలి. ఇంటి ముందుకే బస్సు రావాలని పట్టుబట్టినవారు రెండో కార్డు తీసుకోవడం చాలాసార్లు చూశాను. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు మాత్రం మొదటిదే పట్టుకుంటారు. రెండు రకాలవారూ ఎంతమంది ఉన్నారో తెలిస్తే, రూటును మెయిన్ రోడ్డు మీద తిన్నగా నడపాలా, గల్లీల్లోకి తిప్పాలా అన్నది తేలుతుంది.

ఇంకొకటి. కొత్త బస్సు వేసిన మొదటి నెల లెక్క చూసి ఎత్తేయకండి. బైకు తాళం చేతిలోకి తీసుకోవడం ఆలోచనతో చేసే పని కాదు, అలవాటు. జపాన్‌లోని క్యోటోలో కార్లలో తిరిగేవారికి నెలరోజుల ఉచిత బస్సు టికెట్టు ఇచ్చి చూస్తే, గడువు తీరిన తర్వాత కూడా బస్సు మీద వారి అభిప్రాయం మెరుగ్గానే ఉందని, కారు అలవాటు సడలిందని 2003లో వెలువడిన అధ్యయనం చెప్పింది.

సమస్య: గంటకు నాలుగు బస్సులు వేస్తున్నాం, అయినా "బస్సే రాదు" అంటున్నారు

డిపోలో చార్టు చూపిస్తారు, స్టాపులో జనం గడియారం చూపిస్తారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

కారణం: 15 నిమిషాలకొకటి సమంగా వస్తే సగటు నిరీక్షణ ఏడున్నర నిమిషాలు. ఆ నాలుగు బస్సులే రెండేసి చొప్పున అతుక్కుని అరగంటకోసారి వస్తే నిరీక్షణ 15 నిమిషాలు. ముందు బస్సు కాస్త ఆలస్యమైతే స్టాపులో జనం పెరుగుతారు, ఎక్కించుకునేసరికి ఇంకా ఆలస్యమవుతుంది. వెనక బస్సుకు ఎక్కేవారే ఉండరు, పరుగెత్తుకొచ్చి ముందుదాన్ని పట్టుకుంటుంది. ఇక్కడే అసలు ప్రమాదం. ఖాళీగా తిరిగిన ఆ వెనక బస్సుకు ఓఆర్ (సీట్లలో ఎంత శాతం నిండాయన్న లెక్క) తక్కువ వచ్చిందని చూపించి తర్వాతి షెడ్యూలులో ఆ ట్రిప్పు కోసేస్తారు. రోగానికి బదులు రోగిని తీసేసినట్టు.

పరిష్కారం: టైము ప్రకారం బయల్దేరిందా అని చూసే కంట్రోలరుకు, ముందు బస్సుకు దీనికి మధ్య ఎంత ఎడం ఉందో చూసే పని కూడా అప్పగించండి. అవసరమైతే పెద్ద స్టాపులో రెండు నిమిషాలు ఆపండి. స్టాపులో ఎదురుచూస్తూ నిలబడ్డ నిమిషం బస్సులో కూర్చున్న నిమిషం కంటే సుమారు రెట్టింపు బరువుగా తోస్తుందన్నది రవాణా ప్రణాళికలో స్థిరపడిన లెక్క. అమెరికాలోని సియాటెల్‌లో 2008లో మొదలైన 'వన్‌బస్‌అవే' అనే బస్సు సమాచార సేవను వాడేవారి, వాడనివారి మీద జరిగిన పరిశీలనలో, బస్సు ఎక్కడుందో ఫోనులో చూసుకునేవారికి నిరీక్షణ ఉన్నంతే అనిపించిందని, చూడనివారికి అసలు కంటే ఎక్కువగా అనిపించిందని తేలింది. అయితే ఫోనులో అయిదు నిమిషాలని చూపించి బస్సు రాకపోతే ఉన్న నమ్మకం కూడా పోతుంది.

సమస్య: వయసు, ఆదాయం వారీగా విడగొట్టినా ఏమీ తేలడం లేదు

కారణం: ఒకే అపార్టుమెంటులో ఉండే, ఒకే జీతం వచ్చే ముగ్గురు బస్సు వద్దనడానికి మూడు కారణాలు ఉండవచ్చు. ఒకరికి ఎప్పుడు చేరతామో తెలియకపోవడం పడదు. ఇంకొకరికి రద్దీలో ఒరుసుకుని నిలబడటం పడదు. మూడో ఆవిడకు రాత్రి ఎనిమిది దాటాక దీపం లేని స్టాపులో దిగడం భయం.

పరిష్కారం: "పది నిమిషాలు ఆలస్యమైనా నాకు నష్టం లేదు", "చీకటి పడ్డాక ఆ స్టాపులో ఒంటరిగా నిలబడగలను" లాంటి పన్నెండు, పదిహేను వాక్యాలు చదివి అవునో కాదో చెప్పమనండి. జవాబులు కలిసినవారిని ఒక గుంపుగా కట్టండి. మొదటి గుంపుకు బస్సుల మధ్య సమమైన ఎడం కావాలి. రెండో గుంపుకు రద్దీ వేళ అదనపు ట్రిప్పు కావాలి. మూడో గుంపు కోసం కొత్త బస్సు కొననక్కర్లేదు, వీధిదీపం వేయించి, రాత్రి ట్రిప్పుల్లో అడిగినచోట ఆపమని డ్రైవర్లకు చెబితే చాలు.

సమస్య: ఉచిత ప్రయాణం వచ్చాక పాత సర్వేలతో పొంతన కుదరడం లేదు

కారణం: తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి మొదలయ్యాక, ఆ పథకాలు వర్తించే సర్వీసుల్లో మహిళలకు చార్జీ అన్న లెక్కే లేకుండా పోయింది. చార్జీ వెనక నక్కి ఉన్న రద్దీ, స్టాపులో ఆపకపోవడం వంటి ఫిర్యాదులు ముందుకొచ్చాయి.

పరిష్కారం: ఆ తేదీలకు ముందటి సర్వేను కొత్తదాంతో కలిపి సగటు తీయకండి. జీరో టికెట్లు లెక్కపెడితే ఎక్కినవారి సంఖ్య తెలుస్తుంది. ఎక్కలేక మిగిలిపోయినవారు ఏ యంత్రంలోనూ నమోదు కారు. అందుకని రద్దీ వేళ ఒక మనిషిని స్టాపులో నిలబెట్టి, బస్సు కదిలిన ప్రతిసారీ కింద ఎంతమంది మిగిలారో రాయించండి. వారం రోజుల కాగితాన్ని షెడ్యూలు వేసే అధికారి బల్ల మీద, ఓఆర్ పట్టికకు పక్కనే పెట్టండి.